కొత్త అక్వేరియంలో నీళ్లు తేటగానే ఉన్నా చేపలు ఎందుకు చనిపోతున్నాయి?

తేటగా కనిపించినంత మాత్రాన ఆ నీళ్లు చేపలకు మంచివని కాదు. వాటి వ్యర్థాల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి చేపలకు విషమైన అమ్మోనియా పుడుతుంది. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. చిక్కంతా ఆలోపే. చేపలు పైకొచ్చి నోరు తెరిచి గాలికోసం తంటాలు పడుతుంటే ముందు అనుమానించాల్సింది అమ్మోనియానే. టెస్ట్ కిట్‌తో చూసి, పావు వంతు నీళ్లు మార్చండి. కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలిపాకే పోయాలి. మొదట్లో రెండు మూడు చేపలు చాలు, మేత చిటికెడే. ఇంకోటి, స్పాంజి నల్లబడిందని చాలామంది కొళాయి కింద రుద్ది కడిగేస్తారు. క్లోరిన్‌కి ఆ బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలో పిండితే సరిపోతుంది.