పాఠకుల ప్రశ్నలు: పదో మనిషి కోసం ఎదురుచూపు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. నిరుడు న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఐదు నెలలు ఉండి వచ్చాను. అక్కడ పక్కింట్లో ఉండే యూదు కుటుంబంలో పెద్దాయన కాలం చేస్తే, సాయంత్రం పూట పరామర్శకు వెళ్లాము. మగవాళ్లు ప్రార్థన పుస్తకాలు తెరిచి పట్టుకుని కూడా మొదలుపెట్టకుండా వీధి తలుపు వైపే చూస్తూ ఉన్నారు. తొమ్మిది మందే ఉన్నారనీ, పదో మనిషి కోసం ఆగారనీ మా అమ్మాయి చెప్పింది. ఆ ఇంటి ఆడవాళ్లు ఐదారుగురు అక్కడే ఉన్నా వారిని లెక్కలోకి తీసుకోలేదు. కాసేపటికి ఏదో దుకాణంలో పనిచేసే కుర్రాడు ఆ దుకాణం చొక్కాతోనే రొప్పుతూ వచ్చాడు. ఆ ఇంటివారికి అతని ముఖం కూడా తెలియదట. అతను గుమ్మం దాటగానే అందరూ లేచి నిలబడ్డారు. దేవుడికి తొమ్మిది మంది ప్రార్థన చాలదా? పురోహితుడు ఎవరూ కనబడలేదు, మరి నడిపించింది ఎవరు? మా ఊరి భజన సమాజానికి ఈమధ్య నలుగురైదుగురికి మించి రావడం లేదు. అందుకే కాబోలు, ఈ సంగతి నా మనసులోంచి పోవడం లేదు.
— ఒక పాఠకురాలు, రాజోలు మండలం

జవాబు: అమ్మా, మీరు చూసిన ఆ ఎదురుచూపు చాలా పాతది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంపుటిలోనే, ఏయే ఆచారాలు పది మంది లేనిదే జరపకూడదో చెప్పారు. ఆ పది మంది కూటమిని హీబ్రూలో మిన్యాన్ అంటారు, అంటే లెక్క అని అర్థం. పదమూడేళ్లు నిండిన పిల్లవాడి దగ్గర నుంచి కాటికి కాళ్లు చాచిన ముసలాయన దాకా అందులో అందరూ సమానమే. పండితుడైనా ఒక్కడే, అక్షరం ముక్క రానివాడైనా ఒక్కడే. తొమ్మిది మంది మహాపండితులు కూర్చుని ఉన్నా, పదోవాడుగా ఆ దుకాణపు కుర్రాడు రావలసిందే.

పది అనే సంఖ్యకు వారి పెద్దలు బైబిలులోని సంఖ్యాకాండములో ఆధారం చూపిస్తారు. కనాను దేశాన్ని చూసి రమ్మని మోషే పంపిన పన్నెండు మందిలో యెహోషువ, కాలేబు తప్ప తక్కిన పది మంది జనం గుండెలు జారిపోయే మాటలు చెప్పారు. దేవుడు ఆ పది మందినీ కలిపి సమాజము అన్నాడు కనుక, సమాజం అనిపించుకోవడానికి పది మంది చాలునని వారు తీర్మానించారు. ఆ పది మందీ తప్పు చేసినవారే కావడం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. సమాజంలో లెక్కకు రావడానికి మనిషి పుణ్యాత్ముడై ఉండాలన్న షరతు ఇందులో ఎక్కడా లేదు.

తొమ్మిది మంది ప్రార్థన దేవుడికి చేరదని వారు అనరు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చేసే మూడు పూటల ప్రార్థనలో చాలా భాగం ఎవరికి వారు ఇంట్లోనే చెప్పుకోవచ్చు. అయితే కొన్ని మాటలు ఏ ఒక్కరివీ కావు, సమాజానివి. చేతిరాతతో ఉండే తోలు గ్రంథపు చుట్టను తెరిచి తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, పఠించడం అలాంటిది. తండ్రినో తల్లినో పోగొట్టుకున్నవారు చెప్పే కద్దీష్ కూడా అలాంటిదే. మీరు వెళ్లిన ఇంట్లో అందరూ ఆగింది ప్రధానంగా ఈ కద్దీష్ కోసమే అయి ఉంటుంది.

ఈ కద్దీష్ హీబ్రూలో కాక, ఎక్కువగా అరమాయిక్ అనే ప్రాచీన భాషలో ఉంటుంది. అందులో చావు అన్న మాట లేదు, పోయినవారి పేరు లేదు, దుఃఖం ప్రస్తావనా లేదు. దేవుడి నామం ఘనమై పవిత్రమగు గాక అని మొదలై, చివరిదాకా స్తుతిగానే సాగుతుంది. దుఃఖంలో ఉన్నవాడు నిలబడి ఒక వాక్యం చెబితే, ఆయన గొప్ప నామం ఎల్లకాలం స్తుతింపబడు గాక అని చుట్టూ ఉన్నవారు గొంతు కలపాలి. మన హరికథలో దాసుగారు ‘శ్రీమద్రమారమణ గోవిందో’ అంటే సభ అంతా ‘హరి’ అని అందుకుంటుంది కదా. అందుకునేవారు లేకపోతే దాసుగారి మాట గాలిలోనే ఉండిపోతుంది. కద్దీష్ కూడా అంతే. గుండె పగిలిన మనిషి ఆ గుండెతోనే దేవుణ్ని స్తుతించడం తేలిక కాదు కనుక, ఆ మాట అతని చేత చెప్పించడానికి తొమ్మిది మంది అతని చుట్టూ నిలబడాలని ఆ పెద్దలు నిర్ణయించారు. ఇంతకన్నా మంచి ఓదార్పును ఎవరైనా కనిపెట్టారా అంటే నాకు వెంటనే జవాబు తోచదు.

తల్లిదండ్రుల కోసమైతే కద్దీష్‌ను పదకొండు నెలల పాటు చెబుతారు. పాపాత్ములకు మరణానంతరం శిక్ష పన్నెండు నెలలన్న నమ్మకం ఉంది కనుక, నిండా పన్నెండు నెలలూ చెబితే కన్నవారిని పాపాత్ముల్లో చేర్చినట్టవుతుందని ఒక నెల ముందే ఆపుతారు. మనం ఏడాది పొడుగునా మాసికాలు పెట్టి సంవత్సరీకం జరిపినట్టే, వారికీ ఏటా తిథి నాడు కద్దీష్ ఉంటుంది.

లెక్కపెట్టే తీరు గురించి కూడా చెప్పాలి. మనుషులను ఒకటి, రెండు అని వేలు చూపించి లెక్కించడం వారికి నచ్చదు. అందుకని బైబిలులోని 28వ కీర్తన చివరి వచనం చదువుతూ, ఒక్కొక్క మాటకు ఒక్కొక్కరి వైపు చూస్తారు. నీ జనులను రక్షింపుము అని మొదలయ్యే ఆ వచనంలో హీబ్రూలో సరిగ్గా పది మాటలున్నాయి. వచనం పూర్తయితే మిన్యాన్ పూర్తయినట్టే, మాట మిగిలితే మనిషి తగ్గినట్టు. ఇది మొదటిసారి తెలుసుకున్నప్పుడు నాకు మా కళ్లం గుర్తుకొచ్చింది. మా చిన్నతనంలో ధాన్యం కొలిచే పెద్దపాలేరు మొదటి కుంచం రాశి మీద నుంచి తీస్తూ ‘ఒకటి’ అనేవాడు కాదు, ‘లాభం’ అనేవాడు. తరువాతే రెండు, మూడు. ఆయన కుంచాన్ని అంచుదాకా నింపి, అరచేత్తో తలకొట్టి, ఆ మాట కొంచెం సాగదీసి అనేవాడు. దేవుడిచ్చినదాన్ని ఉత్త అంకెలతో లెక్కించకూడదన్న మర్యాద గోదావరి ఒడ్డు రైతుకూ ఉండేది.

ఇక నడిపించేవారి సంగతి. ప్రార్థన జరగడానికి రబ్బీ ఉండి తీరాలన్న నియమం లేదు. రబ్బీ ధర్మశాస్త్రం చదివి బోధించేవాడే కాని, దేవుడికీ భక్తుడికీ నడుమ నిలిచే పూజారి కాదు. వచ్చినవారిలో ప్రార్థన క్రమం బాగా తెలిసినవారు ఎవరైనా ముందు నిలబడి చెప్పవచ్చు. అతన్ని సమాజపు దూత అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. 1968లో మసాచుసెట్స్‌లో కొందరు యువకులు హవురత్ షాలోమ్ అనే చిన్న కూటమిని ఇలా తామే నడుపుకునే పద్ధతిలో స్థాపించారు. ఆ తరువాత అలాంటి కూటములు అమెరికాలో చాలాచోట్ల వెలిశాయి.

పురోహితుడు లేని కూటమిలో నిజమైన భారం గబ్బాయ్ అనే నిర్వాహకుడిది. శనివారం తోరా పఠనానికి ఏడుగురిని వరుసగా పిలవాలి. చుట్టలో అచ్చుల గుర్తులు గాని, స్వరం గుర్తులు గాని ఉండవు కనుక, చదివేవారు వారమంతా సాధన చేసి రావాలి, దానికి ముందే వంతు వేసి చెప్పాలి. చదివేటప్పుడు పక్కన నిలబడి తప్పు దొర్లితే దిద్దాలి. జబ్బుపడినవారి పేరును, తండ్రి పేరుతో కాక తల్లి పేరుతో కలిపి ప్రార్థనలో చదివించాలి. మనం అర్చనలో గోత్రనామాలు చెప్పించినట్టే ఇదీ. ఏర్పాట్లన్నీ శుక్రవారం పొద్దు గుంకేలోపు తేలిపోవాలి. ఎందుకంటే ఆ తరువాత విశ్రాంతిదినం కనుక, ఆచారం గట్టిగా పాటించేవారు శనివారం రాత్రి దాకా కలం పట్టరు, ఫోను ముట్టరు.

మరణం సంభవించినప్పుడు కబురు ఎలా నడుస్తుందో చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఖననం ఎన్ని గంటలకు, ఏ ఇంట్లో కూర్చుంటారు, ఏ పూటకు మనుషులు తక్కువగా ఉన్నారు, ఏ రోజు భోజనం ఎవరిది అన్న నాలుగు సంగతులూ కూటమిలో అందరికీ చేరతాయి. ఖననం నుంచి తిరిగి వచ్చాక తినే మొదటి భోజనం ఆ ఇంటిది కాకూడదు, ఇరుగుపొరుగు తేవాలి. అందులో ఉడకబెట్టిన గుడ్లు, చిరుశనగ లాంటి గుండ్రని పప్పుధాన్యాలు ఉంటాయి. బతుకు చక్రంలా తిరుగుతుందని ఆ గుండ్రదనానికి అర్థం చెబుతారు. ఏడు రోజులు ఇంటివారు ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారు, అద్దాలకు గుడ్డ కప్పుతారు. దీన్నే షివా అంటారు. హీబ్రూలో ఏడు అని దాని అర్థం, మన శివుడితో సంబంధం లేదు. పరామర్శకు వచ్చినవారు ఇంటివారు పలకరించేదాకా తాము మాట్లాడకూడదు. చావు జరిగిన ఇంటి నుంచి లేచేటప్పుడు మనం ‘వెళ్లొస్తాము’ అనం కదా, అలాంటి మర్యాదే ఇది.

మీ భజన సమాజం గురించి నాకు తోచింది చెబుతాను. మన ఊళ్లలో ఏకాహం పెట్టినప్పుడు రాత్రి రెండు గంటల వంతుకు నిద్రమత్తులో ఉన్నా మనుషులు వస్తారు, ఎందుకంటే నామం తెగకూడదు. తాము రాకపోతే ఏదో ఆగిపోతుందని తెలిసినచోటికి మనిషి వస్తాడు, ఉన్నా లేకపోయినా ఒకటే అనుకున్నచోటికి రాడు. మీ మండలిలో వారం వారం ఎవరు రాలేదో చూసి, వారింటికి వెళ్లి మంచిచెడ్డలు కనుక్కునే బాధ్యతను ఒకరికి అప్పగించండి. ఊళ్లో ఎవరింట్లో కష్టం కలిగినా ఆ వారం భజన ఆ ఇంటి అరుగు మీదే పెట్టండి. ముందు ఈ రెండు పనులూ చేసి చూడండి, మైకుసెట్టు సంగతి తరువాత చూసుకోవచ్చు.

ప్రశ్న: ఇద్దరు ముగ్గురు కూడినచోట ప్రభువు ఉంటాడని మేము చర్చిలో వింటాము. మరి యూదులకు పది మంది ఎందుకు? స్త్రీలను లెక్కించకపోవడం అన్యాయం కాదా?
— ఒక విద్యార్థిని, నరసాపురం

జవాబు: మీరు విన్న మాటకు దగ్గరి మాట యూదుల మిష్నాలోనూ ఉంది. పది మంది కూర్చుని ధర్మం గురించి మాట్లాడుకుంటే దైవసాన్నిధ్యం వారి నడుమ ఉంటుందని చెప్పి, ఐదుగురైనా, ముగ్గురైనా, ఇద్దరైనా, చివరకు ఒక్కడైనా అంతేనని అదే వాక్యంలో దిగుతూ వస్తుంది. దేవుడు రావడానికి పది మంది అక్కరలేదు, సమాజం తరఫున పలకడానికి కావాలి. స్త్రీల విషయంలో వారిలో వారికే ఏకాభిప్రాయం లేదు. ఆర్థడాక్స్ శాఖవారు నేటికీ పురుషులనే లెక్కిస్తారు, రిఫార్మ్ శాఖవారు భేదం పాటించరు, కన్సర్వేటివ్ శాఖ ధర్మనిర్ణయ సంఘం 1973లో స్త్రీలను కూడా లెక్కించవచ్చని తీర్పు ఇచ్చింది. తండ్రి పోయిన కూతురు అదే గదిలో కూర్చుని ఉండగా, వీధిలోంచి వచ్చే అపరిచితుడి కోసం ఎదురుచూడవలసి రావడం నాకు బాధగానే తోస్తుంది. ఆర్థడాక్స్ శాఖలో పుట్టిన స్త్రీలలోనే దీన్ని మనస్ఫూర్తిగా పాటించేవారూ, ప్రశ్నించేవారూ కూడా ఉన్నారు.

ప్రశ్న: తెలుగువారిలో యూదులు ఉన్నారా? మన దేశంలో ఇలాంటి ప్రార్థన ఎక్కడ చూడవచ్చు?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని పిలుచుకునే చిన్న సమూహం ఉంది. తాము ఇశ్రాయేలు గోత్రాలలో ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకుంటారు, తమదైన సినగాగు, అంటే యూదు ప్రార్థనాలయం, కట్టుకున్నారు. పేరున్న పాత ప్రార్థనాలయాలు చూడాలంటే కొచ్చి, ముంబయి, కోల్‌కతా వెళ్లాలి. కొచ్చిలోని మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగు ఉంది. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక కొచ్చి యూదుల్లో అత్యధికులు ఆ దేశానికి తరలిపోయారు. కోల్‌కతాలో మేగెన్ డేవిడ్ సినగాగును 1884లో కట్టారు. అక్కడి యూదులు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందికి తగ్గిపోగా, తరతరాలుగా ఆ ఆలయాన్ని శుభ్రం చేసి కాపాడుతూ వస్తున్నది ముస్లిం కుటుంబాలవారు. మట్టాంచేరిలో ఊరివారితో పది మంది పూర్తయ్యే రోజులు పోయాయి. దూరదేశాల నుంచి యూదు యాత్రికులు వచ్చి కలిసిన రోజున మాత్రం అక్కడ మిన్యాన్ నిండుతుంది, తోరా చుట్ట తెరుస్తారు.