చీటీ రాసిచ్చారు, మందు వెయ్యాలా వద్దా?

సుజాతా,

ఆటిజం ఉన్న మీ బాబు కొరకడం మొదలుపెట్టాడని డాక్టరు రాసిచ్చిన మందు చీటీ ఇంకా హ్యాండ్‌బ్యాగులోనే ఉందన్నావు. ఉండనీ. రెండు వారాలు ఆలోచించుకోవడం వల్ల నష్టమేమీ లేదు. వాడు తల గోడకేసి కొట్టుకుని గాయాలు చేసుకుంటున్నా, చెల్లెలికి ప్రమాదం అనిపించినా మాత్రం ఆగకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యి.

మందు మంచిదా చెడ్డదా అని అడిగావు. అలా అడిగితే జవాబు దొరకదమ్మా. ఏ ఇబ్బందికి మందు వేస్తున్నాం అన్నది ముందు తేల్చుకో. మాటలు రావడానికి గానీ, నలుగురిలో కలవడానికి గానీ ఈ మాత్రలు పనికిరావు. అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఆటిజం ఉన్న పిల్లల విపరీతమైన చిరాకుకి రిస్పెరిడోన్ అనే మందును 2006లో, అరిపిప్రజోల్ అనే మందును 2009లో అనుమతించింది. చిరాకు అంటే మామూలు పేచీ కాదు. కొట్టడం, కొరకడం, తనని తాను గాయపరచుకోవడం, ఎంతకీ ఆగని మెల్ట్‌డౌన్లు, అంటే అదుపు తప్పిన ఏడుపులు, అరుపులు. మీ వాడికి రాసిచ్చింది ఆ రెండు మందుల్లో మొదటిది, రిస్పెరిడోనే.

చేతులు ఆడిస్తున్నాడనో, గుండ్రంగా తిరుగుతున్నాడనో మందు వెయ్యకు. వాడికి అది హాయి. చూసేవాళ్లకి ఇబ్బందిగా ఉంటే వాళ్లని చూడొద్దను. చేసిందే చేసే అలవాట్లు తగ్గుతాయేమోనని సిటలోప్రామ్ అనే మందును 149 మంది పిల్లల మీద పరీక్షించారు. పోల్చి చూడ్డానికిచ్చే, మందు లేని ఉత్తుత్తి మాత్రకంటే మేలేమీ కనపడలేదని 2009లో తేలింది.

ఇక నువ్వు ఒక్క మాటలో దాటేసిన సంగతికి వస్తాను. ఈ కొరకడం కొత్తగా మొదలైందన్నావు. కొత్తగా మొదలైన దేనికైనా ముందు ఒళ్లు చూపించాలి. నొప్పి అని చెప్పలేని పిల్లవాడు దాన్ని చేతలతోనే చెబుతాడు. పిప్పిపన్ను ఉందా, చెవిలో చీము ఉందా, తిన్నాక ఛాతీలో మంటగా ఉందా, విరేచనం సరిగా అవుతోందా? మలబద్ధకం ఈ పిల్లల్లో చాలా ఎక్కువ. రోజూ వెళ్తున్నాడు కదా అని అనుకోకు, కొంచెం కొంచెం వెళ్తూ కూడా లోపల గట్టిపడిపోయి ఉండొచ్చు. మధ్యమధ్య కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పు. అది ఫిట్స్ కావచ్చు, ఆటిజం ఉన్నవాళ్లలో అవి మిగతావాళ్లకంటే ఎక్కువ. నిద్ర సంగతి నువ్వు అసలు రాయలేదు. రాత్రి రెండింటికి లేచి తెల్లారేదాకా ఆడుకునే పిల్లాడు పగలు శాంతంగా ఎలా ఉంటాడు? నిద్రే మూలమైతే ముందు దాన్ని చక్కదిద్దాలి. దానికి నిద్ర పట్టడానికిచ్చే మెలటోనిన్ లాంటివి ఉన్నాయి, డాక్టరుతో మాట్లాడు.

ఒళ్లు బాగానే ఉందని తేలితే ఒక నోట్‌బుక్ పెట్టు. కొరికిన ప్రతిసారీ అంతకుముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, ఆ తర్వాత మనమేం చేశాం, ఈ మూడూ రాయి. టైమూ, ఎంతసేపు సాగిందన్నదీ వెయ్యి. వారం తిరిగేసరికి ఏదో ఒక వరస కనిపించొచ్చు. మిక్సీ శబ్దం కావచ్చు, ట్యాబ్ లాక్కోవడం కావచ్చు, స్కూల్లో ఒకే ఒక పీరియడ్ కావచ్చు. 'ఆపు', 'వద్దు', 'బయటికి పోదాం' అని చూపించే బొమ్మల కార్డులు చేతికిస్తేనే సగం గొడవ తగ్గిన పిల్లలున్నారు. ఇది చెయ్యకుండా నేరుగా మాత్రకు వెళ్లొద్దు. మందు ఇవ్వాల్సి వచ్చినా ఇది ఆపొద్దు. మందుతో పాటు తల్లిదండ్రులకు శిక్షణ కూడా ఇస్తే ఒక్క మందుకంటే ఫలితం బాగుంటుందని పరిశోధనల్లో తేలింది.

ఇవన్నీ చేశాక కూడా వాడు నెత్తురొచ్చేలా కొరుక్కుంటుంటే మందు వెయ్యి. తల్లిగా ఓడిపోయానని ఏడవకు. ఆ బాధలో ఉండగా వాడికి ఏ థెరపీ అయినా ఎక్కుతుందా?

రిస్పెరిడోన్ మీద 2002లో వచ్చిన అధ్యయనంలో 101 మంది పిల్లలున్నారు. ఎనిమిది వారాల్లో మందు వేసుకున్నవాళ్లలో 69 శాతం మందికి బాగా తగ్గింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 12 శాతానికే. కానీ ఆ ఎనిమిది వారాల్లోనే మందు పిల్లలు సగటున 2.7 కిలోలు పెరిగారు, రెండో గుంపు 0.8. మొదట్లో ఉండే మగత చాలామందికి మెల్లగా తగ్గుతుంది. ఆకలి అలా కాదు, దాన్ని మనం కాచుకోవాలి. అందుకే మొదలుపెట్టే ముందే బరువు, షుగరు, కొలెస్ట్రాల్ చూడమను, తర్వాత ఎప్పుడెప్పుడు చూస్తారో కూడా అడుగు. రొమ్ము వాచినా, నాలుకో పెదాలో వాటంతటవి కదులుతున్నా చెప్పాలి. మెడ ఒక పక్కకి పట్టేసినా, కళ్లు పైకి నిలబడిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మందు మొదలుపెట్టిన వారంలోనే కొత్త థెరపీ, కొత్త స్కూలు అంటూ పెట్టుకోకు. ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. ఎప్పటిదాకా చూద్దాం, ఎంత తగ్గితే తగ్గినట్టు అన్నది డాక్టరుతో ముందే మాట్లాడుకో. బ్రిటన్‌లో డాక్టర్లకిచ్చిన మార్గదర్శకాల ప్రకారం మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకి సమీక్షించాలి, ఆరు వారాలకీ చెప్పుకోదగ్గ మేలు లేకపోతే ఆపెయ్యాలి. ఆపడం మాత్రం నీ అంతట నువ్వు ఒక్కరోజులో చెయ్యకు, డోసు మెల్లగా తగ్గించమను. బాగా పనిచేసినా, ఇంకా అవసరమేనా అని కొన్ని నెలలకోసారి నువ్వే అడుగు. నువ్వు అడగకపోతే చీటీ అలా సాగిపోతూనే ఉంటుంది.

మందేస్తే బొమ్మలా అయిపోతాడని మీ అత్తగారు అన్నారట. ఆవిడ భయం ఉత్తిది కాదు. నవ్వు పోయి, ఇష్టమైన ఆట పోయి, ఒక మూల కూర్చుంటే అది నెమ్మది కాదు, డోసు ఎక్కువైందేమో డాక్టరును అడగాలి. స్కూలువాళ్లు 'ఇప్పుడు బాగున్నాడు' అన్నా సరే నమ్మకు. మా వాడు, అదే మీ అన్నయ్య, మందు మీదున్న రోజుల్లో నేను రోజూ చూసుకున్నది అదొక్కటే: ఇష్టమైనవాటి దగ్గరికి ఇంకా పరిగెడుతున్నాడా లేదా. వాడు పరిగెత్తాడు గనకే కొనసాగించాం.

మందు అన్నంలో కలిపి దొంగతనంగా పెట్టకు. అసలే నాలుగే నాలుగు రకాలు తింటాడు, వాటిమీదా అనుమానం పుడితే తిండే మానేస్తాడు. మాత్ర మింగకపోతే ఇది ద్రవంగానూ దొరుకుతుంది, అడుగు. ఇది ఎందుకో వాడికి బొమ్మ గీసి చెప్పు. ఏడేళ్లవాడు, మాటలు రాకపోయినా మనం అనుకున్నదానికంటే ఎక్కువే అర్థమవుతుంది.

ఈసారి వెళ్లేటప్పుడు నోట్‌బుక్కుతో పాటు వాడు కొరుక్కుంటున్నప్పటి వీడియో ఒకటి ఫోన్లో ఉంచుకో. డాక్టరు గదిలో వీళ్లు బుద్ధిమంతుల్లా కూర్చుంటారు. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లు, ఆ రోజు పాపను నా దగ్గర వదిలిపెట్టు.

మీ పెద్దమ్మ