వంద దాకా గడగడా చెప్పే పిల్లాడికి ఎనిమిది బిస్కెట్లు ఎందుకు లెక్క రావు?

ప్రశ్న: మా బాబుకి ఐదున్నరేళ్లు, యూకేజీ. ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెబుతాడు. డబ్బాలోంచి ఎనిమిది బిస్కెట్లు తెమ్మంటే మాత్రం ఒకసారి ఆరు తెస్తాడు, ఒకసారి పది. ఇంట్లో రోజూ చేసే పనుల్లోనే లెక్కలు ఎలా అలవాటు చెయ్యాలి? అబాకస్ క్లాసులో చేర్పించమంటారా?

జవాబు: అబాకస్ సంగతి ముందే చెప్పేస్తాను. ఇప్పుడే వద్దండి. వంద దాకా చెప్పడం మీ వాడికి ఒక పద్యం లాంటిది. పద్యం నోటికొస్తే అర్థం తెలిసినట్టు కాదు కదా. ఒక్కో అంకెకి ఒక్కో బిస్కెట్టే అని, చివర ఏ అంకె దగ్గర ఆగామో అదే మొత్తం అని, ఈ రెండూ పిల్లలకి విడిగా పట్టుబడాలి. అవి పట్టుబడకుండా పూసలు జరిపితే అది ఇంకో పద్యం అవుతుంది, అంతే.

నేను టీచర్ని కాను. టెన్త్‌లో లెక్కల పరీక్షంటే జ్వరం తెచ్చుకున్న రకం. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ రైతుబజారుకి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటాం. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి మీ వాడి వయసే. ఇద్దరి దగ్గరా నేను చేసిన తప్పులూ, కుదిరినవీ చెబుతాను.

మీ బిస్కెట్ల సమస్యే మా వాడికీ ఉండేది. అది కంచాల దగ్గర తీరింది. మొదట్లో "నాన్నా, ఆరు కంచాలు తే" అనేదాన్ని. ఐదు వచ్చేవి, లేకపోతే ఏడు. తర్వాత అంకె చెప్పడం మానేసి "అందరికీ కంచాలు పెట్టు" అన్నాను. మామ్మకి ఒకటి, తాతయ్యకి ఒకటి అంటూ పెట్టుకుంటూ వెళ్లాడు. తక్కువైతే నేను తప్పని చెప్పక్కర్లేదు, తాతయ్యే "నా కంచం ఏదిరా?" అంటారు. కొన్ని రోజులకి వంటింట్లోనే వేళ్లు ముడిచి ఒక్కొక్కరి పేరూ చెప్పుకుని సరిగ్గా ఆరు తెచ్చాడు. ఊళ్లోంచి మా ఆడపడుచు వచ్చిన రోజు "ఇవాళ ఏడు" అని వాడే అన్నాడు. మీరూ ఎనిమిది బిస్కెట్లు తెమ్మనకుండా, ఒక్కొక్కరికి రెండేసి పంచమని చూడండి.

తేడా ఎక్కడుందంటే, కంచాల దగ్గర ఆ లెక్క వల్ల ఏదో ఒకటి తేలుతుంది. తప్పితే తాతయ్యకి అన్నం ఉండదు. "ఎనిమిది తే" అన్నది ఉత్త పరీక్ష. పిల్లలకి ఆ వాసన భలే తెలుస్తుంది.

ఈ సంగతి నాకు పాప దగ్గర దెబ్బ తిన్నాకే తెలిసింది. దానికి ఆరేళ్లప్పుడు ఎక్కడో చదివి ఉత్సాహం వచ్చేసి, బయటికి తీసుకెళ్లిన ప్రతిసారీ ప్రశ్నలే ప్రశ్నలు. ఆటో ఎక్కితే చక్రాలెన్ని, బండి మీద అరటిపళ్లు ఎన్ని, ఐదు తీస్తే ఎన్ని. ఒక రోజు రైతుబజారుకి రానని వాళ్ల నాన్న కాలు పట్టుకుని కూర్చుంది. "అమ్మ అక్కడ కూడా టీచరే" అంది. నాలుగు నెలలు నేను నోరు కట్టుకున్నాను. నిజంగా చెప్తున్నాను, అన్నిటికన్నా కష్టమైన పని అదే.

తర్వాత ఏం చేశానంటే, యాభై రూపాయల నోటు చేతిలో పెట్టి "టమాటాలు నీ డ్యూటీ, మిగిలింది నీది" అన్నాను. రైతుబజారులో ఆ రోజు రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి చదువుకోవచ్చు, బేరం గొడవ లేదు. కేజీ నలభై ఉంది. కేజీ కొంటే తనకి పదే మిగులుతుంది. అరకేజీ అయితే ముప్పై. ఇంకాసేపు ఆలోచించి "పావుకేజీ చాలదా అమ్మా?" అంది. ఇంట్లో ఆరుగురం, పావుకేజీ చాలదని వాదించుకున్నాం. భిన్నాల పాఠం స్కూల్లో రావడానికి రెండేళ్ల ముందే పావు, అర, ముప్పావు దానికి డబ్బు రూపంలో వచ్చేశాయి. టమాటాలు తూచాక అమ్మే ఆయన ఒక కాయ ఎక్కువేశాడు. కొసరు అన్నమాట. "కొసరు అంటే ఎంత?" అని అడిగింది. దానికి లెక్క లేదమ్మలూ అన్నాను. అంత సరిగ్గా తూచి, చివర్లో లెక్క లేకుండా ఎందుకిస్తారని ఇంటికొచ్చేదాకా ఒకటే ప్రశ్న.

మధ్యలో ఒక మాట. ఇంగ్లిష్ మీడియం పిల్లలు థర్టీన్‌కీ థర్టీకీ తికమకపడి 13 బదులు 31 రాయడం చూస్తూనే ఉంటాం. ఇంగ్లిష్‌లో ఆ మాటలో మూడు ముందు వినిపిస్తుంది, పది వెనక. తెలుగులో పదమూడు అంటే పది ముందు, మూడు తర్వాత, రాసే వరుసలోనే. ఇరవై ఒకటి, ముప్పై ఒకటి కూడా అంతే. పన్నెండు, పందొమ్మిది దగ్గర మాట కాస్త కరిగిపోయింది గానీ పది జాడ అక్కడా ఉంది. ఇంట్లో తెలుగులో లెక్కపెట్టించడానికి మొహమాటపడకండి.

కొలతల మీద ఆసక్తి పూల దగ్గర మొదలైంది. మార్గశిర గురువారం కనకమహాలక్ష్మి గుడికి బురుజుపేట వెళ్తూ పూర్ణా మార్కెట్ దగ్గర చామంతి దండ కొన్నాం. పూలావిడ మోచేతికి ఆనించి రెండు మూరలు కొలిచి తెంపింది. పాప ఆ దండని తన చేతికి పెట్టి కొలుచుకుంటే మూడు దాటి వచ్చింది. "నా మూరతో ఇస్తే మనకి తక్కువ వచ్చేది" అంది. పూలావిడ నవ్వి, "అయితే నువ్వే అమ్మకానికి కూకో తల్లీ, నాకు లాభం" అంది. ఇంటికొచ్చి అందరి చేతులూ కొలిచాం. ఎవరి మూర వాళ్లదే, కానీ ఎవరి మూరైనా వాళ్ల జానలు ఇంచుమించు రెండు. చేతులు బార చాపితే నాలుగు మూరలు. ఇది కనిపెట్టాక ఆ రాత్రి తొమ్మిదిన్నర దాకా నిద్రపోలేదు.

ఆ వారమే ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని అడుగులతో కొలుస్తానని పట్టుబట్టింది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరై, ఇప్పుడు ఇసుక ఒడ్డున మ్యూజియంగా ఉన్నది. పొడుగు 91 మీటర్లు. బయట పక్కనే నడిస్తే దాని అడుగులు రెండొందల పైచిలుకు, వాళ్ల నాన్నవి నూట ఇరవై చిల్లర. "మరి నిజంగా ఎంత?" అంది. మీటరు ఎందుకు పుట్టిందో చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్లీ దొరకలేదు.

భీమిలి దగ్గర మా పుట్టింట్లో పాత ఇత్తడి కొలతలు ఇంకా ఉన్నాయి. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. చిన్నప్పుడు ఆ పేర్లు వింటూ పెరిగాను గానీ ఎప్పుడూ ఆలోచించలేదు. వేసవి సెలవుల్లో మా అమ్మ ఇద్దరికీ ఓ చాట బియ్యం ఇచ్చి, వాకిట్లో చాప మీద కూర్చోబెట్టింది. రెండు గిద్దలు పోస్తే అరసోల నిండింది. రెండు అరసోలలకి సోల, రెండు సోలలకి తవ్వ, రెండు తవ్వలకి మానిక. ప్రతిదీ కిందదానికి రెట్టింపు! మానిక నిండాలంటే ఎన్ని గిద్దలని పాప పోసి చూసింది, పదహారు. కుంచానికి పోయకుండానే కాగితం మీద రెట్టించుకుంటూ అరవై నాలుగు అని చెప్పింది. బాబుకి ఈ గొడవేం పట్టలేదు, బియ్యం ఒలకబోస్తూ కూర్చున్నాడు. ఒలకబోయనివ్వండి. ఇత్తడి కొలతలు లేకపోతే వంటింట్లో గ్లాసులు చాలు.

ఆ గ్లాసుల దగ్గరే ఇంకోటి. సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసులో పోస్తే మజ్జిగ ఎక్కువైందని మా వాడు ఇప్పటికీ నమ్ముతాడు. వాడి కళ్ల ముందే అటూ ఇటూ పోసినా సరే. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే ఎప్పుడో గమనించి రాసిన సంగతే ఇది. ఏడేళ్ల దాకా చాలామంది పిల్లలకి అలాగే ఉంటుందట. వాదించి గెలవలేరు, టెన్షన్ పడకండి. నేనైతే పొడుగు గ్లాసు వాడికిచ్చి గొడవ తప్పించుకుంటాను.

లిఫ్టు మంచి బడి. గ్రౌండ్ ఫ్లోర్ సున్నా, సెల్లార్ మైనస్ ఒకటి. మూడో అంతస్తు నుంచి స్కూటర్ దగ్గరికి ఎన్ని అంతస్తులు దిగాలో మా వాడు అడక్కుండానే చెప్తాడు. వాన రోజుల్లో అష్టాచమ్మా. నాలుగు గవ్వలతో ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది పడతాయి, ఐదు, ఆరు, ఏడు ఎప్పటికీ పడవు. ఎందుకు పడవని మీరు మాత్రం అడగొద్దు. వాడే అడుగుతాడు.

నాకు బాగా ఇష్టమైనది బీచ్‌లో మొక్కజొన్న పొత్తు. ఓ సాయంత్రం పాప పొత్తుని మధ్యకి విరిచి, చుట్టూ గింజల వరసలు లెక్కపెట్టింది. పద్నాలుగు. తమ్ముడిది పదహారు. నాది పద్నాలుగు, వాళ్ల నాన్నది పన్నెండు. "పదమూడు ఎందుకు రాలేదు?" అంది. నాకు తెలీదన్నాను, నిజంగానే తెలీదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. కంకి మీద గింజ కట్టే పూలు జంటలు జంటలుగా పుడతాయి, అందుకే వరసలు ఎప్పుడూ సరిసంఖ్యే. గింజ సరిగ్గా కట్టని పొత్తులో మాత్రం వరసలు చెదిరిపోయి లెక్క కుదరదు.

మొన్న ఆదివారం మా వాడు పదిహేను అన్నాడు. నేనేం మాట్లాడలేదు. బొగ్గులు విసురుతున్న ఆవిడే "పదేను రాదు బాబూ, మళ్లీ లెక్కెట్టు" అంది, మా పాప ఎన్నాళ్లుగానో అక్కడ చెప్పి చెప్పి ఆవిడకీ తెలిసిపోయింది. మళ్లీ పెడితే పదిహేడు వచ్చింది. మీ వాడితో చేసేటప్పుడు మొదలెట్టిన వరసలో ఒక గింజ వలిచెయ్యండి. లేకపోతే ఎక్కడ మొదలెట్టాడో తెలీక చుట్టూ తిరుగుతూనే ఉంటాడు, పొత్తు చల్లారిపోతుంది.