మరింబా స్కోరు ఎవరిది?

ప్రశ్న (కుదించినది): మాది సికింద్రాబాద్. ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లు పర్కషన్ (కొట్టి వాయించే వాద్యాలు) నేర్పాను. క్లాసుల లెక్కన బిల్లు ఇచ్చేవాణ్ణి. 2021 చివర్లో ఒక త్యాగరాజ కృతిని రెండు మరింబాలు (చెక్క పలకలను పుల్లలతో కొట్టి వాయించే వాద్యం), ఒక వైబ్రాఫోన్ (అలాంటిదే, లోహపు పలకలది), ఒక మృదంగం వాయించేలా క్వార్టెట్‌గా, అంటే నలుగురి రచనగా రాశాను. రాత్రుళ్లు ఇంట్లో, నా ల్యాప్‌టాప్‌లోనే రాశాను. యాన్యువల్ డే కోసం రాసినందుకు విడిగా రూ. 15,000 ఇచ్చారు. నన్ను మానిపించాక 2023 ఆగస్టులో అదే స్కోరుతో (రాసిన స్వరాల ప్రతితో) టికెట్ షో చేశారు. ఇప్పుడు స్కూలు పేరుతో పీడీఎఫ్ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నా తప్పు కూడా అలాగే దించేశారు. మా స్కూలు మరింబా 4.3 ఆక్టేవ్‌లది (స్థాయిలది), నేను పొరపాటున దాని మీద లేని కింది జి స్వరం రాసి, పిల్లల పార్ట్‌లలో (ఒక్కొక్కరు వాయించే స్వరాల కాగితాల్లో) పెన్నుతో దిద్దాను. అమ్ముతున్న స్కోరులో ఆ జి అలాగే ఉంది. పోలీసు కేసు పెట్టవచ్చా? 2021 నాటి స్టాంపు పేపరు దొరుకుతుందని, 'హక్కులన్నీ నావే' అని దాని మీద రాసుకోమని ఒక మిత్రుడు అంటున్నాడు.

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీలు మీకు జరిగిన అవమానం గురించే రాశారు. కేసు తేలేది దాని మీద కాదు. 2021లో మీరు ఆ స్కూలు ఉద్యోగా, కాదా? అంతా దీని మీదే ఉంది, దీని గురించి మీరు రాసింది ఒకే ఒక్క వాక్యం.

కాపీరైట్ చట్టం, 1957, సెక్షన్ 17(సి) ప్రకారం ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. రాత్రి రాశారా, సొంత ల్యాప్‌టాప్‌లో రాశారా అన్నంత మాత్రాన ఇది మారదు. అదే మీరు క్లాసుకు ఇంత అని ఫీజు తీసుకుని పాఠం చెప్పి వెళ్లే బయటి టీచరైతే హక్కు మీది. 1916లో లండన్ యూనివర్సిటీ ప్రశ్నపత్రాల మీద ఇలాంటి తగాదానే వచ్చింది. పేపర్లు తయారు చేసిన ఎగ్జామినర్లు యూనివర్సిటీ ఉద్యోగులు కారు కాబట్టి హక్కు వాళ్లదేనని కోర్టు తేల్చింది.

'క్లాసుల లెక్కన బిల్లు ఇచ్చేవాణ్ణి' అన్నారు. ఇది మీకు మేలు చేసే మాట, కానీ నోటిమాట చాలదు. ఆ ఏడాది ఫారం 26ఏఎస్ (మీ పేరు మీద కోసిన ఆదాయపు పన్ను వివరాల పట్టీ) డౌన్‌లోడ్ చేసుకోండి. స్కూలు టీడీఎస్ కోసి ఉంటే, జీతం కింద కోసిందా (సెక్షన్ 192), ప్రొఫెషనల్ ఫీజు కింద కోసిందా (194జె) అన్నది అందులో కనిపిస్తుంది. పీఎఫ్ కట్టారా, సెలవులు ఇచ్చారా, హాజరు పట్టీలో సంతకం పెట్టారా అన్నవి కూడా కోర్టు చూస్తుంది. అపాయింట్‌మెంట్ లెటర్ 'ఎక్కడో ఉండాలి' అని రాశారు. ఆరేళ్లు పనిచేసిన చోట ఏ కాగితం మీద సంతకం పెట్టారో తెలియకపోతే ఎలాగండీ? పైగా మొదటి పేజీలో పేరైనా వేయకుండా, మార్చుకోవడానికి వీలున్న ఫైల్‌నే స్కూలు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఈ రెండూ మీ తప్పులే.

రూ. 15,000 గురించి బెంగ వద్దు. మీరు ఉద్యోగి కానప్పుడు డబ్బు తీసుకున్నంత మాత్రాన హక్కు బదిలీ కాదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం మీ సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. ఆ యాన్యువల్ డేలో వాయించుకోవడానికి అనుమతి ఇచ్చినట్టు మాత్రం అవుతుంది.

త్యాగరాజు 1847లో పోయారు, కృతి ఎవరి సొత్తూ కాదు. ఇంకొకరు దాన్ని మరోలా క్వార్టెట్‌గా రాసుకుంటే మీరు ఆపలేరు. రెండు మరింబాల మధ్య మీరు చేసిన పంపకం, కట్టిన హార్మనీ, ఏ చేతిలో ఏ మ్యాలెట్ (వాయించే పుల్ల) అని వేసిన అంకెలు మీవి. కృతి బదులు సినిమా పాట తీసుకుని ఉంటే మీరే అనుమతి లేకుండా రాసినవారు అయ్యేవారు. స్వరకర్త పోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది.

మీ ఉత్తరం మొత్తంలో విలువైనది ఆ తప్పు జి. 4.3 ఆక్టేవ్ మరింబా మీద అట్టడుగు స్వరం 'ఏ' (A). దాని కింది జిని అక్కడ ఎవరూ కావాలని రాయరు. స్కూలు సొంతంగా రాయించుకుందని చెబితే, వాయించలేని స్వరం ఎలా వచ్చిందో వాళ్లు చెప్పలేరు. అందుకే పెన్నుతో దిద్దిన పార్ట్‌లు పారేయకండి. అసలు ఫైల్‌ని తెరిచి మళ్లీ సేవ్ చేయకండి, తేదీ మారిపోతుంది. ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయకండి. ఫైల్‌ని కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. అమ్ముతున్న పీడీఎఫ్ ఒకటి మీ కార్డుతో కొని బిల్లు దాచండి.

స్టాంపు పేపరు మాట ఇక ఎత్తకండి. వెండర్ రిజిస్టర్‌లో సీరియల్ నంబరు, కొన్నవారి పేరు, తేదీ ఉంటాయి. అబద్ధం బయటపడితే ఫోర్జరీ కేసులో నిందితుడు మీరే అవుతారు, నిజమైన సాక్ష్యాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఆ కాగితం చూపించి కాపీరైట్ రిజిస్ట్రేషన్ తెచ్చుకుంటే సెక్షన్ 67 కింద అదీ నేరమే.

పోలీసు కేసు కూడా ఇప్పుడే వద్దు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు ఉన్న మాట నిజమే. హక్కు ఎవరిదో తేలకుండా స్టేషన్‌కు వెళితే సివిల్ తగాదా అని పంపేస్తారు.

గడువు సంగతి. నష్టపరిహారం దావాకు ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లు (లిమిటేషన్ చట్టం, ఆర్టికల్ 88). 2023 ఆగస్టు షోకి అది 2026 ఆగస్టుతో ముగుస్తుంది. తర్వాతి ప్రతి అమ్మకానికీ దాని తేదీ నుంచి వేరే లెక్క. సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు మాత్రమే ఉన్న కార్యక్రమాలను లెక్కలో వేయకండి. వాటికి కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపు ఉంది. టికెట్ షోలు, పీడీఎఫ్ అమ్మకాలు రాసుకోండి.

26ఏఎస్ మీకు అనుకూలంగా ఉంటే ముందు లాయర్ నోటీసు పంపండి. 'జైలుకు పంపిస్తాం' లాంటి మాటలు వద్దు, ఆధారం లేని బెదిరింపు అని సెక్షన్ 60 కింద వాళ్లే మీ మీద దావా వేయవచ్చు. అమ్ముతున్న వెబ్‌సైట్‌కు కూడా విడిగా ఫిర్యాదు పంపండి. కాపీరైట్ రూల్స్, 2013 ప్రకారం అలాంటి ఫిర్యాదు మీద 36 గంటల్లో ఆపాలి, కానీ 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. కాబట్టి దావా సిద్ధం చేసుకున్నాకే అది పంపండి. దావా మీరు నివసించే చోటే వేయవచ్చు, సెక్షన్ 62 ఆ వీలు ఇస్తోంది. అమ్మకాలు వెంటనే ఆపమని తాత్కాలిక ఉత్తర్వు కూడా అడగండి. అది అడగకుండా రూ. 3 లక్షలు, ఆపై విలువకు కమర్షియల్ కోర్టుకు వెళితే ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి.

26ఏఎస్‌లో జీతం అని ఉంటే ఆ ఒక్క కాగితంతో కేసు పోదు, కానీ స్కోరు రాయడం మీ విధుల్లో లేదని చూపించడానికి అపాయింట్‌మెంట్ లెటర్ తప్పకుండా కావాలి. ముందు అది వెతకండి.