పార్కులో మిణుగురులు నిలవాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

పార్కు బాధ్యత నీకు అప్పగించారని, అక్కడ మిణుగురులు కనిపిస్తున్నాయని రాశావు. ఎంత సంతోషం వేసిందో! వాటిని చూడటానికి జనాన్ని పిలవమంటారా అని అడిగావు. పిలుద్దువుగాని, ముందు నేల సంగతి చూడు.

గాల్లో మెరిసే పురుగు బతికేది కొద్ది వారాలే. అంతకు ముందు ఏడాది, కొన్ని జాతుల్లో రెండేళ్లు, లార్వాగా తడిమట్టిలో, రాలిన ఆకుల కింద ఉంటుంది. నత్తల్నీ వానపాముల్నీ తిని పెరుగుతుంది. శుభ్రం పేరుతో ఆ ఆకుల్ని ఊడ్చి తగలబెడితే వచ్చే ఏడాది మెరవాల్సినవి కూడా వాటితోపాటే పోతాయి. దారులు ఊడ్పించు, చెట్ల కింద మాత్రం వదిలెయ్. చెత్తగా ఉందని ఎవరైనా గొడవ చేస్తే, కారణం రాసి ఒక బోర్డు పెట్టు. నీటి పక్కన గడ్డిని మోకాలెత్తు పెరగనివ్వు. కోయక తప్పకపోతే పగటిపూట, కొంచెం కొంచెంగా కోయించు. చీకటి పడే వేళ మాత్రం మిషన్ తీయనివ్వకు.

ఇక దీపాలు. నాకు ఎక్కువ బెంగ వీటి గురించే. చాలా జాతుల్లో మగది ఎగురుతూ మెరుస్తుంది, ఆడది గడ్డిలో కూర్చుని తన జాతి లయలో బదులిస్తుంది. పక్కనే తెల్లటి ఎల్‌ఈడీ వెలుగుతుంటే ఆ చిన్న మెరుపు కనబడదు. జత కుదరదు, గుడ్లు ఉండవు. దీపాలన్నీ ఆర్పమని నేను అనను, రాత్రి నడిచేవాళ్ల భద్రత ముఖ్యం. వెలుగు దారి మీదే పడేలా మూతలు బిగించు, టైమర్ పెట్టించు. చెట్లకు చుట్టిన అలంకరణ దీపాలను మాత్రం మొహమాటం లేకుండా తీయించు.

దోమల మందు పొగ మిణుగురుల్నీ చంపుతుంది. నత్తల మందు చల్లితే లార్వాలకు తిండి కరువవుతుంది. దోమలకు నిలవనీళ్లు తీయించడమే అసలు మందు.

వేరే చోట పట్టి తెచ్చి ఇక్కడ వదులుదామని ఎవరో ఒకరు అంటారు. ఎంత బతిమాలినా ఒప్పుకోకు. పట్టిన చోట తగ్గిపోతాయి, నేల సరిపడకపోతే వదిలిన చోటా నిలవవు. చాలా జాతుల్లో ఆడపురుగు ఎగరలేదు. అందుకే ఒక పార్కులో ఒకసారి అంతరించాయంటే మళ్లీ వాటంతట అవి రావడం చాలా కష్టం. ఉన్నవాటి గురించి నేనింత గట్టిగా చెప్పేది అందుకే.

జనాన్ని పిలిస్తే చిన్న గుంపులుగా పిలువు. దారి దాటి గడ్డిలోకి దిగితే కాళ్ల కింద పడేది ఆడపురుగులే. ఫోన్ టార్చి, ఫ్లాష్ వద్దని ముందే చెప్పు. వెలుగు కావాల్సివస్తే టార్చికి ఎర్ర కాగితం చుట్టి నేల వైపే పట్టమను.

ఈ వారంలోనే ఊడ్చేవాళ్లనీ గడ్డి కోసేవాళ్లనీ కూర్చోబెట్టి ఇదంతా వివరంగా చెప్పు. వీలైతే ఒక సాయంత్రం వాళ్లను కూడా తీసుకెళ్లి చూపించు.

ప్రేమతో,
పెదనాన్న