దారితప్పిన పెద్దామె ఏడుస్తున్న వీడియోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొచ్చా?

తిరుపతి బస్టాండులో తప్పిపోయి ఏడుస్తున్న పెద్దామెను వీడియో తీశారు, వాళ్లవాళ్ల కంట పడేలా గ్రూపుల్లో పెట్టొచ్చా అని కదా అడిగారు. వీడియో వద్దు. ఫొటో అయినా పోలీసులకు చెప్పాకే.

మనిషిని గుర్తుపట్టడానికి ముఖం చాలు, ఏడుపు అక్కర్లేదు. వీడియోతోపాటు జారిన కొంగు, తడిసిన చీర, కొడుకును తిట్టిన తిట్టు కూడా వెళ్తాయి. ఆమె ఇంటికి చేరాక కూడా అవి ఊరంతా తిరుగుతూనే ఉంటాయి.

ముందు కూర్చోబెట్టి నీళ్లివ్వండి. ఫోను జేబులో పెట్టి మాట్లాడండి. ఇక్కడికి తమిళం, కన్నడం తప్ప మరోటి రానివాళ్లు ఎందరో వస్తారు. బదులు పలకనంత మాత్రాన మతి చెడిందనుకోకండి, పక్కన తమిళం వచ్చినవాళ్లను పిలవండి. తర్వాత 112కి చెప్పండి. పిల్లలైతే 1098, పెద్దవాళ్ల సాయానికి 14567 కూడా ఉన్నాయి. సంచిలో సర్వదర్శనం టోకెను ఉంటే పోలీసులకు చూపించండి. అది ఆధార్ మీద ఇచ్చేది కాబట్టి ఊరూ పేరూ పట్టుకోవడానికి పనికొస్తుంది. దాన్ని ఫొటో తీసి గ్రూపులో వేయడం మాత్రం ఇంకో తప్పు. మానసిక స్థితి బాగాలేక తిరుగుతున్న మనిషైతే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాల్సింది పోలీసులే.

పోలీసులు సరేనంటే, ఆమె కాస్త కుదుటపడ్డాక అడగండి. కెమెరా చూసి ఊరుకోవడం ఒప్పుకోవడం కాదు. ‘మీ ఫొటో ఫోన్లలో పంపుతాం, తెలియనివాళ్లు కూడా చూస్తారు’ అని విప్పి చెప్పాలి. ఒప్పుకుంటే కళ్లు తుడుచుకున్నాక, ఛాతీ నుంచి పైకి ఒక్క ఫొటో తీయండి. తేదీ, సమయం, మాట్లాడే భాష రాయండి. తలనీలాలు ఇచ్చి ఉంటే ‘కొత్తగా గుండు’ అని తప్పక రాయాలి, లేకపోతే ఇంట్లోవాళ్లు కూడా పోల్చుకోలేకపోవచ్చు. కింద స్టేషన్ నంబరు ఇవ్వండి, మీదీ బంధువులదీ వద్దు. పచ్చబొట్టో మచ్చో ఒక గుర్తు రాయకుండా దాచండి. మా మనిషే అని వచ్చినవాళ్లను పోలీసులు పరీక్షించేది దాంతోనే. తేదీ లేని పోస్టయితే మనిషి ఇల్లు చేరిన ఏళ్ల తర్వాతా తిరుగుతూనే ఉంటుంది.

వెతికేవాళ్లంతా అన్నం పెట్టేవాళ్లే కారు. దెబ్బలు తట్టుకోలేక ఇల్లు వదిలి వచ్చిన ఆడమనిషి ఫొటో పెడితే, కొట్టినవాడికి అడ్రసు ఇచ్చినట్టే. అందుకే పోలీసుల కంటే ముందు పెట్టకూడదనేది.

వీడియోలో ముఖం మసక చేసి పెడతాననే మాట తరచూ వింటుంటాం. ముఖం మసకబారినా గొంతు, చీర, చేతి పచ్చబొట్టు, వెనక దుకాణం బోర్డు పట్టిస్తాయి. ఆడియో తీసేసి, ముఖం మీద మసక కాకుండా నిండు నలుపు పెట్టి, కదిలినప్పుడు అది ముఖం మీదే ఉందో లేదో చివరిదాకా చూడాలి. ఇంత పని చేసేవాళ్లు తక్కువ.

తొక్కిసలాటలాంటి చోట లెక్క వేరు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తిరుపతిలో ఆరుగురు చనిపోయారు. అలాంటి చోట లోకానికి చూపించాల్సింది గేటు, బారికేడ్లు, జనం ఒత్తిడి, ఎప్పుడు జరిగిందన్నది. ఊపిరాడక పడిపోయినవాళ్ల ముఖాలు కాదు. సాక్ష్యం అనుకుంటే అసలు ఫైలును కత్తిరించకుండా పెన్‌డ్రైవ్‌లో పోలీసులకు ఇచ్చి, ఇచ్చినట్టు రాయించుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది.

లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. ఇక్కడ ‘మంచికే పెట్టాను’ అంటే చెల్లదు.

ఇప్పటికే పంపేసి ఉంటే ఈ పూటే తీసేయండి. ‘అందరికీ డిలీట్’ సుమారు రెండు రోజుల దాకే పనిచేస్తుంది. మీవల్ల కాకపోతే గ్రూపు అడ్మిన్‌ను అడగండి, సభ్యుల మెసేజీని అడ్మిన్ అందరికీ తీసేయగలరు. వేరే గ్రూపులకు ఫార్వర్డయిన కాపీలు దాంతో పోవు, అక్కడా ఒక్కొక్కరినీ అడుక్కోవాల్సిందే.