పాత మోసిన్ రైఫిల్ ముందు సైట్ పక్కకు ఉంటే మధ్యకు కొట్టేయాలా?

మీరు అడిగింది ఇదీ: మోసిన్-నాగాంట్ 91/30 అనే పాత సోవియట్ సైనిక రైఫిల్ కొన్నారు. ముందు సైట్, అంటే బారెల్ (తుపాకి గొట్టం) కొసన గురి చూసే పుల్ల, కుడివైపుకు జరిగి ఉంది. 100 మీటర్ల దగ్గర తూటాలు కుడిపక్కకు, జానెడు పైకి పడుతున్నాయి. సుత్తితో మధ్యకు కొడితే సరిపోతుందా?

సరిపోదు, ఇంకా చెడుతుంది. తూటా ఎటు పోతోందో ముందు సైట్‌ను అటే జరపాలి. కుడికి పోతుంటే ఇంకా కుడికి. వెనక సైట్‌కు ఈ లెక్క తిరగబడుతుంది. మోసిన్ వెనక సైట్ పక్కలకు కదలదు కాబట్టి దాని గొడవ మనకు లేదు. ముందు సైట్ నడిమధ్యలో లేకపోతే అది పాడైనట్టేనని అందరూ ఎందుకు అనుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయుధశాలలో ఒక్కో రైఫిల్‌నూ విడిగా కాల్చి చూసి, దాని బారెల్‌కు తగ్గట్టు సైట్ జరిపి పంపేవారు. చూపుకు వంకరగా ఉంటే ఉండనీయండి, గురి సూటిగా ఉంటే చాలు.

ఇదే రైఫిల్ నా మిత్రుడొకడి దగ్గర ఉంది. కొన్న వారమే సైట్ పక్కకు ఉందని చూసి, ఇంట్లో కూర్చుని కొలిచి మరీ నడిమధ్యకు కొట్టేశాడు, అదీ ఇనుప పంచ్‌తో (సుత్తి దెబ్బ అందించే పొట్టి కడ్డీ)! తర్వాత కాల్పులు సాధన చేసే రేంజ్‌కు తెచ్చాడు. తూటాలన్నీ కుడివైపు, కాగితం అంచుకు పోతున్నాయి. కుడికి పోతున్నాయి కదా అని సైట్‌ను ఇంకాస్త ఎడమకు కొట్టాడు. ఈసారి కాగితం మీద చిల్లే లేదు. "అన్నా, బారెల్ వంగిపోయిందే, మోసం చేసి అమ్మారు" అని ఒకటే టెన్షన్. పక్క లేన్‌లో ఉన్న పెద్దమనిషి బారెల్ అరిగిపోయిందని తేల్చేశాడు. ఇంకొకాయన స్కోప్ బిగించుకో, ఈ పాత సైట్లతో ఎవరు వేగుతారు అన్నాడు. రేంజ్‌లో ఉచిత సలహాలకు ఏనాడూ కరువు లేదు. బోల్ట్ (బారెల్ వెనక భాగాన్ని మూసే కడ్డీ) తీసి బారెల్‌లోకి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

నేను చూశాను. లోపల తూటాను తిప్పే గాడులు బాగానే ఉన్నాయి, మూతి అంచు కూడా దెబ్బతినలేదు. టార్గెట్‌ను 25 మీటర్లకు తెప్పించాను. అంత దగ్గర్లో తప్పు నాలుగో వంతే కనిపిస్తుంది కాబట్టి తూటా కాగితం దాటి పోదు. చిల్లులన్నీ ఒకేచోట గుంపుగా పడ్డాయి, పక్కకు పడ్డాయంతే. గుంపు కుదురుగా ఉందంటే బారెల్ మీద నింద వేయడానికి లేదు. ఇక మిగిలింది సైట్. దాని చుట్టూ ఏళ్ల నాటి గ్రీజు గోధుమరంగు జిగురులా గట్టిపడి ఉంది. కిరసనాయిల్‌లో ముంచిన గుడ్డతో రుద్దాను. ముందు సైట్ మీద సన్నటి గీత బయటపడింది. కింద దిమ్మ మీద ఇంకో గీత. ఆ రెండూ ఒకప్పుడు ఒకే గీత. రైఫిల్ గురి కుదిరాక సైట్ కదిలితే తెలియడానికి ఉలితో కొట్టిన గుర్తు అది. మావాడి పుణ్యమా అని రెండు ముక్కలూ ఇప్పుడు దూరదూరంగా ఉన్నాయి. ఇత్తడి పంచ్‌తో చిన్నచిన్న దెబ్బలు కొడుతూ గీతతో గీత కలిపాను. మళ్లీ 100 మీటర్లు. చిల్లులు టార్గెట్ నడిమి నిలువు గీత మీదికి వచ్చేశాయి. స్కోప్ సలహా ఇచ్చినాయన అప్పటికే వెళ్లిపోయాడు, అదొక్కటే నాకు బాధ.

దెబ్బ ఎంత చిన్నగా ఉండాలో చెప్తాను. 91/30లో రెండు సైట్ల మధ్య దూరం సుమారు 62 సెంటీమీటర్లు. ముందు సైట్ ఒక మిల్లీమీటరు కదిలితే 100 మీటర్ల దగ్గర తూటా దాదాపు 16 సెంటీమీటర్లు జరుగుతుంది. అందుకని కొట్టే ముందు పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, బోల్ట్ బయటకు తీసేయండి, బారెల్ కింద గట్టి ఆనుడు పెట్టండి. కదలకపోతే తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయండి. బలం చూపించొద్దు.

మీ రైఫిల్‌కు కూడా ముందు గ్రీజు కడిగి గీత వెతకండి. స్టాక్‌ను (రైఫిల్ కొయ్య భాగం) బిగించే రెండు స్క్రూలు వదులుగా ఉన్నాయేమో చూడండి. కొయ్య ఉబ్బి బారెల్‌ను ఒక పక్కకు నెడుతున్నా గురి తప్పుతుంది, కానీ అప్పుడు బారెల్ వేడెక్కే కొద్దీ చిల్లులు జరుగుతూ పోతాయి. ఇంకొకరి చేత కూడా కాల్పించండి. రైఫిల్ ఒరగబెట్టి పట్టుకునే అలవాటు మీకుంటే సైట్‌ను ఎంత కొట్టినా లాభం లేదు.

ఇక జానెడు పైకి పోవడం. దాన్ని లోపం అనకండి. ఆ కాలపు సైన్యాలు దూరాన నిలబడ్డ మనిషి నడుముకు గురిపెట్టమని నేర్పేవి, కాగితం మీద నల్ల చుక్కకు కాదు. జర్మన్ గెవేర్ 98 రైఫిల్ పాత సైట్‌లో అతి తక్కువ దూరమే 400 మీటర్లు, స్వీడిష్ మౌజర్ ఎం96లో 300. అలాంటివాటితో దగ్గర్లో కాలిస్తే తూటా పైకే పోతుంది. మీ వెనక సైట్ పలక మీద 1 అంకె అంటే 100 మీటర్లు. ముందు అది అక్కడే ఉందో లేదో చూసుకోండి. ఉన్నా పైకే పోతుంటే ముందు సైట్ పుల్ల పొడవు పెరగాలి. కరెంటు వైరు పైతొడుగు చిన్న ముక్క కోసి పుల్లకు తొడగండి, గురి కుదిరేదాకా కొద్దికొద్దిగా కత్తిరించుకోండి. నచ్చకపోతే లాగేస్తే పోయె, రైఫిల్‌కు గాటు పడదు. ఆకురాయితో పుల్లను అరగదీయమని ఎవరైనా చెబితే వినొద్దు, పొట్టిదైతే తూటా ఇంకా పైకి పోతుంది. ఎనభై ఏళ్లు నిలబడ్డ వస్తువును ఒక్క సాయంత్రంలో ఆకురాయికి బలిచేసే వీరులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకోటి. సోవియట్ సైన్యం 91/30కి గురి కుదిర్చింది బాయినెట్ (రైఫిల్ మూతికి తగిలించే పొడుచుకత్తి) తగిలించే. మూర పొడవు ఇనుము మూతి పక్కన వేలాడుతుంటే బారెల్ కదలిక మారుతుంది, తీసేస్తే తూటా ఇంకోచోట పడుతుంది. మీ దగ్గర బాయినెట్ ఉంటే సైట్ ముట్టుకోకముందే అది తగిలించి ఒక గుంపు కాల్చి చూడండి. రేంజ్ వాళ్లను మాత్రం ముందే అడగండి. కొన్నిచోట్ల ఒప్పుకోరు, ఒప్పుకున్నచోట పక్క లేన్ వాళ్లు జరిగి కూర్చుంటారు.